తొక్కుడు చక్రమూ, ఆగే హక్కూ

సైకిలు ఎందుకంటే ఒక చోటినుంచి మరొక చోటికి పోవడానికని చిన్నపిల్లలు కూడా చెబుతారు. అటువంటి సైకిలును ఇంట్లో ఒక మూల ఇనుప చట్రానికి బిగించి, అరగంటసేపు చెమటలు కారేలా తొక్కి, ఎక్కినచోటనే దిగడం పైకి హాస్యాస్పదంగానే కనిపిస్తుంది. కాని ఇవాళ ప్రపంచంలో ఎందరో ఆ పని చేస్తున్నారు. మా సుబేదారిలో కూడా చేసేవారున్నారు. చేయాలనుకునేవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కావడంచేత కాబోలు, నాతోటి ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురు ఈమధ్య "ఏ మిషను కొంటే మంచిది సార్?" అని అడిగారు. వారికి ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. అయితే ఆ ముక్క చెప్పేముందు ఈ యంత్రం ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరి కాళ్లకింద పెరిగిందో తెలుసుకోవడం అవసరమని నాకు తోచింది. ఒక వస్తువు చరిత్ర తెలియనివాడికి దాని ధర ఒక్కటే తెలుస్తుంది.

ఈ విషయంలో మనవాళ్లు రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. ఇదంతా తిన్నది అరగని వర్గాల వేషమని, పనిచేసేవాడికి వ్యాయామం అక్కరలేదని ఒకరంటారు. ఇది కేవలం ఆరోగ్యశాస్త్రానికి సంబంధించిన విషయమని, ఇందులోకి వర్గాలను లాగడం పిడివాదమని మరొకరంటారు. మొదటివారు శరీరాన్ని మరిచిపోతున్నారు. రెండవవారు సమాజాన్ని మరిచిపోతున్నారు. ఈ రెండు వాదాలనూ పరీక్షించడానికి చరిత్రకంటె మంచి గీటురాయి లేదు.

ఉన్నచోటనే కాళ్లతో శ్రమ చేయడం మనకు కొత్త విషయం కాదు. ఏతాం మీద ముందుకూ వెనక్కూ నడిచిన మనిషి ఎక్కడికీ పోలేదు, కాని నీరు మడికి పోయింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడు రోజంతా తొక్కినా గుంట దాటలేదు, కాని బట్ట పెరిగింది. గానుగెద్దు సంగతి చెప్పనే అక్కరలేదు. దానికి కళ్లకు గంతలు కట్టడం కూడా రైతుకు తెలిసిన కిటుకే. ఈ మూడింటిలోనూ శ్రమకు ఒక ఫలితం ఉన్నది. ఆ ఫలితం ఎవరికి చేరిందన్నది వేరే ప్రశ్న. ఆరోగ్యంకోసం తొక్కే యంత్రంలో మాత్రం ఫలితం బయట ఎక్కడా కనిపించదు. అది తొక్కేవాడి శరీరంలోనే ఉండాలి. ఇటువంటి యంత్రం పుట్టాలంటే, కాళ్లు కదపకుండా బతకగల మనుషులు కొందరు ముందు పుట్టాలి.

అటువంటివారు 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో తయారయ్యారు. 1796లో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన లండనులో 'జిమ్నాస్టికాన్' అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కాళ్లకింద తొక్కుడు పలకలు, చేతులకు తిప్పే పిడులు, వాటికి తగిలించిన చక్రాలు — ఇదీ దాని నిర్మాణం. కీళ్లకూ కండరాలకూ వ్యాయామం కలిగించడం దాని ప్రయోజనం. ఆనాటి వర్ణన ఒకటి చదివితే ఎంతో విషయం బోధపడుతుంది. వర్తకుడు తన లెక్కలమీదనుంచి దృష్టి మరల్చకుండానే, విద్యార్థి చదువుకుంటూనే, కాళ్లను ఎడతెగకుండా ఆడించుకోవచ్చునట. స్వయంగా స్వల్పంగా శ్రమపడితే చాలునట. అది కూడా ఇష్టం లేకపోతే ఒక పిల్లవాణ్ణి సాయం పెట్టుకోవచ్చునట! వర్తకుడి కాళ్లకు వ్యాయామం కలగడానికి పిల్లవాడు చక్రం తిప్పాలన్నమాట. వ్యాయామ యంత్రం పుట్టుకలోనే శ్రమవిభజన ఇంత స్పష్టంగా ఉన్నది.

ఆ తరువాత ఇరవై రెండేళ్లకు, 1818లో, అదే దేశంలో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు మరొక తొక్కుడు చక్రాన్ని రూపొందించాడు. అది ఖైదీలకోసం. పొడవైన పీపావంటి చక్రానికి చుట్టూ మెట్లుంటాయి. ఖైదీలు వరసగా నిలబడి మెట్టు ఎక్కుతూ ఉండాలి. ఎక్కిన మెట్టల్లా కిందికి దిగిపోతుంది. కొన్ని జైళ్లలో ఆ చక్రంతో ధాన్యం విసిరారు, నీరు తోడారు. కొన్నిచోట్ల అది గాలిని తప్ప దేనినీ విసరలేదు. శిక్షకు ఫలితంతో పనిలేదు. ఆస్కార్ వైల్డ్ కూడా 1895లో పెంటన్విల్ జైలులో ఈ చక్రం తొక్కవలసివచ్చింది. 1898 జైళ్ల చట్టంతో దీనికి కాలం చెల్లింది.

వర్తకుడి యంత్రమూ ఖైదీ యంత్రమూ పక్కపక్కన పెట్టి చూస్తే యంత్రశాస్త్రం దృష్ట్యా తేడా స్వల్పం. రెండింటిలోనూ కాలు తొక్కుతుంది, చక్రం తిరుగుతుంది, మనిషి ఎక్కడికీ పోడు. అసలు తేడా ఒక్కటే. వర్తకుడు తనకు తోచినప్పుడు ఆగవచ్చు. ఖైదీ ఆగడానికి వీల్లేదు. ఈ తేడాను పాఠకులు గుర్తుపెట్టుకోవాలని మనవి. ఈ చరిత్ర అంతటికీ ఇదే తాళపుచెవి.

సైకిలు చరిత్ర తెలిసినదే. 1817లో జర్మనీలో కార్ల్ డ్రాయిస్ రెండు చక్రాల బండిని కాళ్లతో నేలను తన్నుకుంటూ నడిపాడు. 1860ల్లో పారిస్ లో ముందు చక్రానికి పెడళ్లు వచ్చాయి. 1885లో స్టార్లీ తయారుచేసిన 'రోవర్'తో చైనూ, సమానమైన చక్రాలూ వచ్చాయి. 1888లో డన్లప్ గాలి టైరు కనిపెట్టాడు. సైకిలు వచ్చిన కొద్దికాలానికే దాన్ని ఒకచోట నిలబెట్టి తొక్కడం కూడా వచ్చింది. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలోని వ్యాయామశాలలో నిలబెట్టిన సైకిళ్లుండేవి. ఎంత దూరం తొక్కారో చూపే పెద్ద ముల్లు గడియారం వాటి ఎదుట ఉండేది. ఆ వ్యాయామశాల మొదటి తరగతి ప్రయాణికులకే పరిమితం. అడుగు అంతస్తులో బొగ్గు ఎగదోసేవారికి వ్యాయామం కొరత ఎలాగూ లేదు.

అంతలో ఈ యంత్రం ప్రయోగశాలలోకి ప్రవేశించింది. కోపెన్ హేగన్ లో ఆగస్ట్ క్రోగ్ 1913లో విద్యుదయస్కాంతంతో బ్రేకు వేసే సైకిలును వర్ణించాడు. మనిషి ఎంత పని చేస్తున్నదీ దానిమీద కచ్చితంగా కొలవవచ్చు. ఇవాళ అంగట్లో అమ్మే అయస్కాంతపు ట్రైనరుకు ఇది ముత్తాత. బెర్లిన్ లో అదే కాలంలో శ్రమశరీరశాస్త్రంకోసమే ఒక పరిశోధనాలయం స్థాపించారు. అమెరికాలో 1927లో హార్వర్డ్ వారు 'అలసట ప్రయోగశాల' పెట్టారు. దాన్ని వైద్యకళాశాలలో గాక వ్యాపారవిద్యా కళాశాలలో పెట్టడం గమనార్హం. కార్మికుడు ఎంతసేపటికి అలసిపోతాడన్న ప్రశ్న యజమానికి కూడా ముఖ్యమే గదా! అయితే ఈ శాస్త్రమంతా యజమానుల కుట్ర అని తోసిపుచ్చడం తెలివితక్కువ. గుండెనూ, ఊపిరితిత్తులనూ, కండరాలనూ గురించి మనకు తెలిసినదానిలో చాలాభాగం ఈ నిలబెట్టిన సైకిళ్లమీదనే తెలిసింది. 1954లో స్వీడనుకు చెందిన ఫాన్ డేబెల్న్ చక్రం చుట్టూ పట్టీ చుట్టి, బరువుతో ఒత్తిడి కొలిచే సులభమైన సైకిలును ప్రచురించాడు. విద్యుత్తుతో పనిలేకుండా ఎక్కడైనా వాడదగిన పరికరం అది.

ఈ శాస్త్రం కార్మికులకు చేసిన మేలుకు మంచి ఉదాహరణ 1953లో లండనులో వెలువడింది. జెర్రీ మారిస్ అనే వైద్యుడూ, అతని సహచరులూ లండను రవాణా కార్మికులను పరిశీలించి 'లాన్సెట్' పత్రికలో రాశారు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకే వర్గంనుంచి వచ్చి పనిచేసేవారే. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కి దిగుతుంటాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉన్నట్టు, వచ్చినా డ్రైవర్లలో వచ్చినంత తీవ్రంగా లేనట్టు తేలింది. నడిచీ, సైకిలు మీదా ఉత్తరాలు పంచే తపాలా బంట్రోతులకూ, కుర్చీలో కూర్చునే గుమాస్తాలకూ మధ్య కూడా అటువంటి తేడాయే కనిపించింది. మారిస్ అక్కడితో తృప్తిపడలేదు. 1956లో ఆ కార్మికుల యూనిఫారాల కొలతలు తీసి చూసి, డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే నడుం లావుగా ఉన్నారని తెలుసుకుని, తన నిర్ణయాన్ని తానే ప్రశ్నించుకున్నాడు. శాస్త్రజ్ఞుడి నిజాయితీ అంటే అది. ఏమైనా, కదలకపోవడం జబ్బుకు దారి అన్న సంగతి ఆ తరువాతి పరిశోధనలవల్ల స్థిరపడింది. కూర్చోబెట్టే పని ధనికులదే కాదనీ, డ్రైవరుదీ, గుమాస్తాదీ, దర్జీదీ కూడా అదేననీ తేలిపోయింది. కనుక 'పనిచేసేవాడికి వ్యాయామం అక్కరలేదు' అన్న మన మొదటి వాదం నిలవదు.

మరి రిక్షా తొక్కినవాడి మాటేమిటి? మన పట్టణాల్లో సైకిలు రిక్షా తొక్కి బతికినవారు పెడలు మీద గడిపినన్ని గంటలు ఏ వ్యాయామవీరుడూ గడపలేదు. పెడలే ఆరోగ్యమిచ్చేదైతే వాళ్లు నిండునూరేళ్లు బతకాలి. వాళ్లకు దక్కింది దగ్గు, నడుంనొప్పి, ముందుగా ముంచుకొచ్చిన ముసలితనం. ఇది వైరుధ్యం కాదు. తీరికవేళ చేసే వ్యాయామం ఇచ్చే మేలు బతుకుతెరువుకై చేసే బరువుపని ఇవ్వడంలేదని ఇటీవలి పరిశోధకులు కూడా గుర్తించారు. గుండె కొంతసేపు గట్టిగా కొట్టుకుని, తరువాత విశ్రాంతి తీసుకుంటే బలపడుతుంది. విశ్రాంతి లేకుండా, తగిన తిండి లేకుండా రోజంతా కొట్టుకుంటే అరిగిపోతుంది. రిక్షా అద్దె సాయంత్రానికి యజమానికి కట్టాలి. అది తీరేదాకా కాలు ఆగదు. ఆరోగ్యమిచ్చేది పెడలు కాదు, పెడలును ఆపగల స్వేచ్ఛ. వర్తకుడికీ ఖైదీకీ మధ్య మనం చూసిన తేడా ఇదే. 'ఇందులో వర్గాల ప్రసక్తి లేదు' అన్న రెండవ వాదం కూడా ఇక్కడ కూలిపోతున్నది.

ఇప్పుడు సుబేదారికి వద్దాం. నిజాం రాజ్యాన్ని సుబాలుగా విభజించి ఒక్కొక్కదానికి ఒక సుబేదారును పెట్టిన రోజుల్లో వరంగల్లు ఒక సుబాకు కేంద్రం. సుబేదారు నివాసమూ కచేరీలూ ఉన్న చోటు గనుక ఇది సుబేదారి అయింది. తరువాత ఇది కళాశాలల ఊరయింది. ఆర్ట్స్, సైన్స్ కళాశాల సుబేదారిలోనే ఉన్నది. 1959లో ఇటు రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల, అటు కాకతీయ మెడికల్ కళాశాల మొదలయ్యాయి. 1976లో విశ్వవిద్యాలయం వచ్చింది. నేను చదువుకునే రోజుల్లో విద్యార్థి వాహనం సైకిలే. సొంత సైకిలు లేనివాడికి గంటకింత అని అద్దె సైకిలు దొరికేది. ఆ కాలంలో సుబేదారినుంచి కాజీపేట స్టేషనుకు సైకిలు మీద పోవడాన్ని ఎవరూ వ్యాయామం అనలేదు. అది ప్రయాణం. వ్యాయామం దానికి కొసరు.

ఇవాళ ఆ కొసరును విడిగా కొనుక్కోవలసివస్తున్నది. హనుమకొండ–కాజీపేట రోడ్డు వెడల్పయింది, కాని ఆ వెడల్పులో సైకిలుకు చోటు లేదు. పక్కన ఆగిన కార్లు, వెనకనుంచి తరిమే బస్సులు, ఎదురువచ్చే మోటారు సైకిళ్లు. షుగరు ఉన్న యాభై ఏళ్ల మనిషిని ఈ రోడ్డుమీద సైకిలు తొక్కమనడం ఒక జబ్బుకు మందుగా మరొక ప్రమాదాన్ని ఇవ్వడమే. షుగరు సంగతి కూడా చిన్నది కాదు. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు సుమారు 10.1 కోట్లమంది. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పింది. ఎక్కడ చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

స్త్రీల విషయంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. పొరుగున తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో, 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వారికి సైకిలు ఇచ్చింది కేవలం కాలికి బలం కాదు; భర్తకోసమో, బస్సుకోసమో ఎదురుచూడకుండా బయలుదేరే శక్తి. ఇంట్లో బిగించిన సైకిలు ఆ మొదటిది ఇవ్వగలదు, రెండవది ఇవ్వలేదు. మా సహోపాధ్యాయిని ఒకావిడ, "రోడ్డుమీద నలుగురూ చూస్తారన్న బాధ లేకుండా తొక్కుకోవచ్చు గదండీ" అన్నారు. ఆమె అవసరం నిజమైనదే. కాని నలుగురూ చూసే ఆ చూపు మారకుండా, ఆమె గోడలమధ్యకు పోవడమే పరిష్కారమనుకుంటే మనం అభ్యుదయవాదులమని చెప్పుకోవడం దండగ.

పరిశ్రమ చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. స్వాతంత్ర్యానంతరం సైకిలు కర్మాగారాలు వరసగా వెలిశాయి: 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్ లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినంనాడు, సాహిబాబాద్ లోని అట్లాస్ కర్మాగారంలో పని ఆపేశారు. కరోనావల్ల జనం ఇళ్లలో చిక్కుకున్న ఆ సంవత్సరంలోనే ఇంట్లో తొక్కే ట్రైనర్లకు ప్రపంచమంతటా గిరాకీ పెరిగింది.

అయినా కొనక తప్పనివారున్నారు. వారికి చెప్పవలసింది చెప్పాలి. ఈ యంత్రాలు ప్రధానంగా నాలుగు రకాలు. మొదటిది రోలర్లు: మూడు స్తంభాలవంటి గొట్టాలమీద సైకిలును ఉంచి తొక్కడం. పట్టి ఉంచేదేమీ లేదు గనుక తూకం తప్పితే పడిపోతాం. యాభై దాటినవారు దీని జోలికి పోనక్కరలేదు. రెండవది వెనక చక్రాన్ని చట్రంలో బిగించి, టైరుకు ఒక చిన్న రోలరును ఒత్తించే ట్రైనరు. మూడవది వెనక చక్రాన్ని తీసేసి, చైనును నేరుగా యంత్రానికే తగిలించేది. నాలుగవది సైకిలుతో నిమిత్తం లేకుండా వ్యాయామానికే తయారైన 'స్పిన్ బైకు'.

రెండవ రకంలో కాలికి ఎదురు నిలిచే శక్తి మూడు విధాలుగా వస్తుంది. పంకా ఉన్న యంత్రంలో వేగం రెట్టింపు చేస్తే శ్రమ ఎనిమిది రెట్లవుతుంది. చప్పుడు కూడా భరించలేనిది. అద్దె ఇంట్లో మేడమీద ఉండేవారు దాన్ని కొంటే కింది వాటావాళ్లతో తగువు తప్పదు. అయస్కాంతపు యంత్రం చవక, చప్పుడు తక్కువ. మీట జరిపి బరువును మనమే హెచ్చుతగ్గులు చేసుకోవచ్చు. నూనెలో రెక్కలు తిరిగే యంత్రం మెత్తగా నడుస్తుంది, రోడ్డుమీది అనుభవానికి దగ్గరగా ఉంటుంది. కాని నూనె కారడం మొదలైతే మన వీధిలో బాగుచేసేవాడు దొరకడం కష్టం. ఏది కొన్నా మన సైకిలు ఇరుసు దానికి సరిపోతుందో లేదో ముందు చూడాలి. నట్లతో బిగించే పాతరకం సైకిలును పట్టలేని యంత్రాలు చాలా ఉన్నాయి. కొన్నిటికి ప్రత్యేకమైన నట్లు వేయించాలి. గరుకు టైరైతే తీసి నున్నటి టైరు వేయాలి, లేకపోతే గదంతా అదురుతుంది.

స్పిన్ బైకులో మరొక సంగతున్నది. అందులో బరువైన ఫ్లైవీలు ఉంటుంది. చాలావాటిలో దానికి ఫ్రీవీలు ఉండదు. అంటే మనం కాలు ఆపినా పెడలు ఆగదు. తిరుగుతున్న బరువు మన కాళ్లనే తిప్పుతుంది. బ్రేకు మర నొక్కితేగాని ఆగదు. అలవాటున్నవారికి ఇది దోషం కాదు. మోకాళ్ల నొప్పులవారికీ, కొత్తవారికీ ఇది ప్రమాదమే. మామూలు సైకిలుకు ఫ్రీవీలు ఉన్నది. తొక్కడం మానితే కాలు ఆగుతుంది, చక్రం తనదారిన తాను తిరుగుతుంది. క్యూబిట్ చక్రానికీ సైకిలుకూ ఉన్న తేడా ఒక చిన్న ఉక్కు పళ్లచక్రంలో ఇమిడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

మూడవ రకంలో ధర అరలక్ష దాటుతుంది. అవి చాలావరకు 'తెలివైన' యంత్రాలు. 2014లో వచ్చిన జ్విఫ్ట్ వంటి ఏర్పాట్లతో తెరమీద ఊహాప్రపంచపు రోడ్లు కనిపిస్తాయి, తెరమీద కొండ వస్తే యంత్రం బరువెక్కుతుంది. వినోదంగా ఉంటుంది, కాదనను. కాని యంత్రం కొన్నాక కూడా నెలనెలా చందా కట్టాలి. మన గుండె ఎంత కొట్టుకున్నదీ, కాలు ఎంత బలం చూపిందీ కంపెనీ ఖాతాలో చేరుతుంది. కార్మికుడి అలసటను కొలిచినవారు అతనికి జీతమైనా ఇచ్చారు. ఇక్కడ మన అలసటను కొలిపించుకోవడానికి మనమే డబ్బు కడుతున్నాం.

ఒక లెక్క చెప్పి ముగిస్తాను. మామూలు మనిషి ఒక గంటపాటు నిలకడగా సుమారు 100 వాట్ల శక్తి చూపగలడు. అంటే కరెంటు బిల్లు భాషలో యూనిట్లో పదోవంతు. దానికోసం శరీరం దానికి మూడు రెట్లకు పైగా వేడిని పుట్టిస్తుంది. రోడ్డుమీద ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. గదిలో గాలి లేదు. వరంగల్లులో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. కనుక ఫ్యాను తప్పదు. పాతరకం సీలింగు ఫ్యాను 75 వాట్లు తాగుతుంది. మనిషి పుట్టించిన 100 వాట్లూ అయస్కాంతం దగ్గర వేడిగా వృథా కాగా, అతన్ని చల్లబరచడానికి మరో 75 వాట్లు ఖర్చవుతున్నాయి. అదే 100 వాట్లతో రోడ్డుమీద అతను గంటలోపుగా కాజీపేట స్టేషనుకు పోయి, పని చూసుకుని ఇంటికి రాగలడు. రోడ్డును లాగేసుకున్న వ్యవస్థ ఎంత దుబారా వ్యవస్థో ఈ చిన్న లెక్క చెబుతుంది.

కాబట్టి నా మిత్రులకు నేను చెప్పేది ఇది. గుండెజబ్బున్నవారు ముందు వైద్యుణ్ణి అడగండి. ఇంట్లో పాత సైకిలుంటే, దాని ఇరుసుకు సరిపోయే అయస్కాంతపు ట్రైనరు పదివేల రూపాయల ప్రాంతంలో దొరుకుతుంది, అది చాలు. బరువు మీట మీ చేతిలో ఉండాలి, ఫ్రీవీలు ఉండాలి, చందా ఉండకూడదు, చెడితే వీధి చివర సైకిలు షాపువాడు విప్పి చూడగలగాలి. కిందొక మందమైన చాప, ఎదురుగా ఒక ఫ్యాను. మాట్లాడగలిగేంత ఆయాసంతో తొక్కండి, ఆయాసం మితిమీరితే ఆపండి. ఆపగలగడమే మీకూ, రిక్షా తొక్కినవాడికీ ఉన్న తేడా. అది మీ గొప్ప కాదు, మీ అవకాశం.

ఆ అవకాశం అందరిదీ కావాలంటే రెండు కోరికలు మన సంఘాలు వినిపించాలి. శ్రమచేసేవాడికి విశ్రాంతి వేళలు. కూర్చుని పనిచేసేవాడికి సైకిలు తొక్కదగిన రోడ్డు. మొదటిది పాత కోరికే. ఎనిమిది గంటల పనిదినంకోసం పోరాడినవారు కోరింది కూడా ఆగే హక్కునే. రెండవది కొత్తది, కాని దానికంటె చిన్నది కాదు. హనుమకొండనుంచి కాజీపేటదాకా రోడ్డుపక్క రెండు గజాల దారి సైకిలుకు విడిచిపెడితే, ఇంట్లో బిగించిన సైకిళ్లలో సగం ఆ చట్రాలనుంచి బయటికి వస్తాయి. మిగతా సగం, వయసువల్లనో జబ్బువల్లనో బయటికి రాలేనివారివి, ఇంట్లోనే ఉండనివ్వండి. వాటికోసమే ఆ యంత్రం తయారు కావలసి ఉండింది.